లారెన్స్ నాటకంలో నేను పిలవని పేరు

హార్మోనియం నేర్చుకుంటామని టెక్కలిలో మా ఇంటికి ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తుంటారు. ఎక్కువమందికి పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించాలని ఉంటుంది. ఒకరిద్దరు మాత్రం నాటకాలకి వాయిస్తామంటారు. ఇది వాళ్ళకోసం రాస్తున్నాను.

రాగాలూ వేళ్ళు తిప్పడమూ ఎవరైనా నేర్పుతారు. ఇప్పుడు ఫోన్లో కూడా నేర్చుకుంటున్నారు. నేను నలభై ఏళ్ళు నాటకాల మేష్టారుగా బతికాను. ఎక్కడెక్కడ వాయించానో, ఎవరెవరు మెచ్చుకున్నారో రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు రాస్తే కొంత ఉపయోగం ఉంటుందేమో. దాన్ని రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నన్ను నేను వెనకేసుకొచ్చే వాక్యం ఒకటి ముందు పడేది. ఈసారి అది లేకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

పెట్టె ముందు కూర్చున్నవాడి పని

మా ఉద్దానం ఊళ్ళలో నాటకమాడేది ఊళ్ళోవాళ్ళే. పగలు కొబ్బరికాయలు దింపేవాడు రాజు వేషం కడతాడు. కిరాణా కొట్టాయన మంత్రి. వాళ్ళకి పద్యాలు నేర్పేది హార్మోనిస్టు. మూడు నాలుగు నెలలు ఆ ఊరు వెళ్ళి వస్తూ, చదువు రానివాడికి కూడా పద్యం నోట నిలిచేదాకా చెప్పాలి. అందుకే మమ్మల్ని మేష్టారు అంటారు. నాటకం రోజున స్టేజికి ఎడమ పక్కన, కాళ్ళతో తొక్కే హార్మోనియం ముందు కూర్చుంటాం. దాన్ని మేము పెట్టె అంటాం. పద్యం ఎత్తుకునే ముందు వేషగాడు మా వైపు ఒకసారి చూస్తాడు. మేము ఒక మెట్టు నొక్కి శ్రుతి ఇస్తాం. అతను దాన్ని పట్టుకుని పాడతాడు.

ఆ మెట్లకి అంకెలుంటాయి. ఒకటి, ఒకటిన్నర, రెండు, అలా పైకి. అంకె పెరిగినకొద్దీ గొంతు పైకెక్కాలి. మామూలు మగవాడి గొంతు ఒకటికీ రెండుకీ మధ్య సుఖంగా ఉంటుంది. మా మేళం శ్రుతి నాలుగున్నర. మా గురువుగారి నుంచి వచ్చిన శ్రుతి అది. "నాలుగున్నర మేళం వస్తోంది" అంటే పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవారు.

మా గురువుగారిది రావివలస. చాలా గొప్ప చెవి. ఎంతమంది కలిసి పాడుతున్నా ఎవడు పక్కకి పోయాడో కళ్ళు మూసుకుని చెప్పేవారు. కానీ వేషగాడు శ్రుతి తప్పితే ఆ మెట్టును ఇంకా గట్టిగా నొక్కేవారు, వాడి తప్పు అందరికీ వినపడేలా. "మనిషి పెట్టె వెనక రావాలి. పెట్టె మనిషి వెనక పోకూడదు" అనేవారు. ఆయన నాకు అన్నం పెట్టారు, విద్య చెప్పారు. అయినా ఆ మాట తప్పని ఇప్పుడు అనగలను. ఆయన దగ్గర చెవి తెచ్చుకున్నాను. దాంతోపాటే ఆ గర్వాన్నీ తెచ్చుకున్నాను.

దీనికి విరుద్ధమైన పాఠం ఒకటి నాకు మొదట్లోనే దొరికింది. మందస వైపు ఒక ఊళ్ళో పౌరాణికం. రాజు వేషం కట్టినాయన పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదానికి మాట పోయింది. ముఖం తెల్లబడింది. నేను వేళ్ళు ఆపలేదు. అతనికి అలవాటైన రాగాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉన్నాను. అతను దాన్ని పట్టుకుని మాటల్లేకుండా రాగం తీశాడు. తీశాడు, తీశాడు. జనం అదంతా విద్వత్తు అనుకున్నారు. చివరికి మాట గుర్తొచ్చి పద్యం ముగించేసరికి ఈలలు, "వన్స్ మోర్" అని ఒకటే కేకలు. అతను నా వైపు వంగి, "ఏటి వన్స్ మోరు మేష్టారూ! మొదటిదే ఎలాగెల్లిందో నాకు తెల్దు" అన్నాడు. తెర దించాక వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు గానీ ఏళ్ళు ఆపుంటే స్టేజి మీదే సచ్చిపోదును."

పడిపోతున్నవాడి కింద నేలలా ఉండడమే మా పని అని ఆ రోజు తెలిసింది. పేరూ వయసూ వచ్చాక మర్చిపోయాను.

పగటి నాటకం

పలాసలో జీడి ఫ్యాక్టరీల వెనక ఒక దేవాలయం ఉంది. ఆ పట్టణంలోని కతోలిక క్రైస్తవులకి పాలక పునీతుడు లారెన్స్ గారు. ఏటా ఆగస్టులో ఆయన పండుగ. తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, పదో రోజు ఉదయం పెద్ద పూజ, భోజనాలు. మధ్యాహ్నం లారెన్స్ నాటకం. సాయంత్రం తేరు. మా దగ్గర నాటకమంటే తెల్లవార్లూ ఆడాలి. పగలు ఆడేది ఇదొక్కటే. రాత్రి బాయిలర్ల దగ్గర పనికి వెళ్ళాల్సినవాళ్ళు కూడా చూడాలని ఎప్పుడో పెట్టిన పద్ధతి. పూర్వం ఒక ఉపదేశి పద్యాలు కట్టి నోటుబుక్కులో రాసిచ్చిన నాటకం. ఉపదేశి అంటే దేవాలయంలో ప్రార్థనలు నేర్పే పెద్దమనిషి. మా గురువుగారు దానికి రాగాలు పెట్టారు. ఆయన తరవాత నేను. మాది వైదిక కుటుంబం. అయినా ఆ పండుగకి నా కుర్చీ ఎప్పుడూ నాదే.

కథ చిన్నది. రోమా పట్టణంలో దేవాలయ సంపదను చూసుకునే సేవకుడు లారెన్స్. అధికారి పిలిచి, మీ నిధులన్నీ తెచ్చి అప్పగించమంటాడు. లారెన్స్ మూడు రోజులు గడువడిగి, ఊళ్ళోని బీదలనీ కుంటివాళ్ళనీ రోగులనీ వెంటబెట్టుకొచ్చి, మా నిధి ఇదేనంటాడు. అధికారి మండిపడి అతన్ని ఇనుప చట్రం మీద పడుకోబెట్టి కాల్చి చంపిస్తాడు. ఈ పక్క కాలింది, ఇక తిప్పండి అంటాడు లారెన్స్ ఆ చట్రం మీంచే.

నిధి రంగానికి ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఆ బీదలుగా వేషగాళ్ళు రారు. విచారణలోని బీదలే, అంటే ఆ దేవాలయానికి చెందిన ఇళ్ళవాళ్ళే వస్తారు. కట్టుకున్న బట్టల్తో స్టేజి ఎక్కి వరసగా నిలబడతారు. లారెన్స్ వేషం కట్టినవాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, వాళ్ళ గురించి ఒకటి రెండు మాటలు చెప్తాడు. పిలిచిన మనిషి ఒక అడుగు ముందుకేసి, రెండు చేతులూ జనానికి చూపిస్తాడు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ అరచేతులు పిక్క నూనెకి నల్లబడి ఉంటాయి. ఎంత కడిగినా పోదు ఆ నలుపు. వారమంతా కొంగు కింద దాచుకునే చేతుల్ని ఆ ఒక్కరోజు వందలమంది ముందు ఎత్తి చూపిస్తారు. పాటా పద్యమూ ఉండవు. పెట్టె ఆగిపోతుంది. పావుగంటకి పైగా పేర్లే వినిపిస్తాయి.

ఆ పేర్లు పోగుచెయ్యడం వేషగాడి బాధ్యత. తొమ్మిది రోజులూ ప్రార్థన అయ్యాక ఇల్లిల్లూ తిరిగి, ఈ ఏడు మీరు ఎక్కండి అని అడగాలి. సిగ్గుపడేవాళ్ళని ఒప్పించాలి. అందుకే ఆ వేషం ఎవరికి పడితే వారికి ఇవ్వరు.

పదహారేళ్ళు ఆ వేషం ఇన్నాసిది.

ఇన్నాసి ఫ్యాక్టరీలో జీడిపిక్కలకి ఆవిరి పట్టే బాయిలర్ దగ్గర పనివాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నాలుగున్నరలో అతని గొంతు గంట కొట్టినట్టుండేది. తల్లి మొక్కుకుంటే పుట్టాడట, అందుకని ఆ వేషాన్ని మొక్కు చెల్లించినట్టు కట్టేవాడు. వరసకి వదిన అయ్యే నీలమ్మ, కటింగు మిషను మీద పిక్కలు కొట్టే మనిషి, ప్రతి ఏడూ అతను వేషం వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి ఒకే మాట అనేది.

"ఏడాదంతా పిక్కల్ని ఏపినావు మరిదీ. ఇయాల పిక్కలకి రోజొచ్చింది."

"సరిగ్గా ఏగకపోతే నువ్వు తిప్పెయ్యే వదినా" అనేవాడు ఇన్నాసి.

రెండు శ్రుతి

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటింటా ఎవరో ఒకరు. నిధి రంగంలో వరస మా కళ్ళ ముందే మారింది. మొదట్లో ముసలివాళ్ళూ అంగవైకల్యం ఉన్నవాళ్ళూ ఉండేవారు. పోనుపోను నలభై యాభై ఏళ్ళ మనుషులు, ఉబ్బిన ముఖాల్తో, మోచేతి కింద డయాలసిస్ సూదులు గుచ్చిన కణుతుల్తో ఎక్కసాగారు. వాళ్ళ పేర్లు పిలిచే ఇన్నాసికే ఒక ఏడు ఆ జబ్బు బయటపడింది. పలాస పెద్దాసుపత్రిలో వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకి ఇంతే నీళ్ళని కొలత. బాయిలర్ పని పోయి, ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే పని మిగిలింది.

ఆ తరవాతి ఆగస్టుకి దేవాలయానికి జూబిలీ వచ్చింది. మేత్రాణులవారు, అంటే బిషప్ గారు, స్వయంగా వస్తున్నారు. విచారణకి కొత్తగా వచ్చిన ఫాదర్ నన్ను పిలిచి, "మేష్టారూ, ఈసారి నాటకం బాగుండాలండీ. పెద్దలంతా ముందు వరసలో ఉంటారు" అన్నారు. ఆయన అన్నది అంతే. మిగతాదంతా నేను కల్పించుకున్నాను.

రిహార్సలుకి ఇన్నాసి వచ్చాడు. నీళ్ళు తాగకూడదు గనక నిమ్మచెక్క ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. నేను నాలుగున్నర నొక్కాను. మొదటి పద్యంలో పైకెళ్ళే చోట గొంతు చీలింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ చీలింది.

"మేష్టారూ, రెండుకి దించండి. రెండులో నాను నిలబడతాను. నిన్న ఇంటికాడ సూసుకున్నాను" అన్నాడు.

రెండు నొక్కి చూడడానికి అర నిమిషం కూడా పట్టదు. నేను చూడలేదు.

"ఈ మేళం పుట్టి ఇన్నేళ్ళయిందిరా ఇన్నాసి. ఎప్పుడైనా రెండులో వాయించామా?" అన్నాను.

"మేళం గురించి కాదండి. నా గొంతు గురించి అంటన్నాను."

"జూబిలీనాడు మేత్రాణులవారి ముందు రెండు శ్రుతిలో మూలుగుతావా?"

మూలుగుతావా అన్నాను. ఈ మాట తీసేసి రాయబోయాను ఇంతకుముందు. ఉంచుతున్నాను.

అతను నిమ్మచెక్క తీసి జేబురుమాల్లో చుట్టుకున్నాడు. "ఆలోసించండి మేష్టారూ. ఇంకా నెల్రోజులుంది" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. ఇన్నాసిని ఈసారి ఆసుపత్రివాళ్ళు వద్దన్నారని చెప్పాను. ఆసుపత్రివాళ్ళు అలా అనలేదు. నేను వాళ్ళని అడగనే లేదు. ఫాదర్ పాపం నిజంగా బాధపడ్డారు. సోంపేట వైపు నుంచి పేరున్న ఆర్టిస్టుని పిలిపిస్తానంటే సరేనన్నారు. అక్కడితో ఆగలేదు నేను. వచ్చేవాడికి ఇక్కడి మనుషులు తెలీదు, ఇల్లిల్లూ తిరిగే తీరికా లేదు. అందుకని పేర్లు పిలవడం తీసేసి, ఆ చోట మోహన రాగంలో ఒక పద్యం పెట్టాను. రాగం లేని ఆ పావుగంట నాకు ఎప్పుడూ బరువుగానే ఉండేది. నా చేతులు ఖాళీగా ఉండే సమయం అదొక్కటే.

ఆదివారం పూజయ్యాక ఫాదర్ ఇన్నాసి నెత్తిమీద చెయ్యిపెట్టి, విశ్రాంతి తీసుకోమన్నారట. సాయంత్రం నేను రిహార్సల్ షెడ్డులో పెట్టె తుడుచుకుంటుంటే ఇన్నాసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి మేష్టారూ, ఆసుపత్రోళ్ళు నాకు సెప్పకుండా మీకు సెప్పినారేటి?"

"నీ మంచికే చేశానురా."

"నా మంచికైతే నన్నడగాల. మీ మంచికైతే నాకు సెప్పాల. ఈ రెండూ కాకుండా ఫాదర్ గారికాడికి ఎల్లినారు మీరు."

నేను గుడ్డతో మెట్లు తుడుస్తూనే ఉన్నాను. తలెత్తితే ఏదో ఒకటి ఒప్పుకోవాల్సి వస్తుందని భయం.

"ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కట్టుదువులే" అన్నాను.

"వచ్చే ఏడా?" అన్నాడు. నవ్వాడు. "సూదులు గుచ్చీవోళ్ళకి కూడా ఇంత దైర్యం లేదండి, వచ్చే ఏడని సెప్పడానికి."

ఆ మాటతో అతనికి మిగిలింది ఆ ఒక్క ఆగస్టేనని నాకు అర్థమైంది. అతనికి అది ముందే తెలుసు. అర్థమయ్యాక కూడా నేను మార్చలేదు. తప్పు చేసిన రోజు కంటే, తెలిసీ ఊరుకున్న ఆ నెల్రోజులే నన్ను ఎక్కువ బాధపెడతాయి.

పండుగ రోజు

జూబిలీనాడు చినుకు పడలేదు. షామియానా నిండిపోయింది. మేత్రాణులవారు, ఊరి పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. సోంపేట ఆర్టిస్టు మంచి గాయకుడు. నాలుగున్నరలో మొదటి పద్యానికే చప్పట్లు మోగాయి. పేర్లు తీసేశానని అతనికి గానీ, విచారణలోవాళ్ళకి గానీ నేను చెప్పలేదు. చెప్తే గొడవవుతుందని.

నిధి రంగం వచ్చింది. బీదలు ఏటా ఎక్కినట్టే ఎక్కారు. వాళ్ళని ఆ ఏడు కూడా ఎవరో ఇల్లిల్లూ తిరిగి పిలిచారని నాకు తరవాత తెలిసింది. వేషం లేకపోయినా ఇన్నాసి తొమ్మిది రోజులూ తిరిగాడు. వరసలో మొదట నీలమ్మ. అందరికంటే చివర, తెల్ల చొక్కా వేసుకుని, తానే ఇన్నాసి. రోగుల్లో ఒకడిగా ఎక్కాడు.

ఆర్టిస్టు మోహనలో పద్యం ఎత్తుకున్నాడు. బ్రహ్మాండంగా పాడాడు. వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. నా వేళ్ళు ఆ రోజు చాలా బాగా పలికాయని కూడా చెప్పాలి. పద్యం అయింది. లెక్క ప్రకారం బీదలు దిగిపోవాలి, అధికారి వేషం కట్టినవాడు మండిపడాలి.

వాళ్ళు దిగలేదు. పేరు పిలవకుండా ఎలా దిగుతారు? నిలబడ్డారు. అధికారి వేషగాడు నా వైపు చూశాడు. ఆర్టిస్టు నా వైపు చూశాడు. నీలమ్మ చేతులు సగం ఎత్తి, ఎత్తాలో వద్దో తెలియక మళ్ళీ కొంగు కిందికి లాక్కుంది. షామియానాలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఆడమనిషి గట్టిగానే అంది: "ఓలమ్మో, ఈళ్ళ పేర్లు సెప్పరేటి?"

అప్పుడు వరస చివర నుంచి ఇన్నాసి మొదలుపెట్టాడు. పాడలేదు, కూర్చుని కబుర్లు చెప్పే గొంతుతో మాట్లాడాడు.

"నీలమ్మ. ముప్పయ్యేళ్ళు పిక్కలు కొట్టినాది. ముగ్గురు పిల్లల్ని ఒక్కతే పెంచినాది."

నీలమ్మ అడుగు ముందుకేసి చేతులు చూపించింది.

"సవరప్ప. కొబ్బరి సెట్టు మీంచి పడ్డాడు. నడుం ఇరిగినాది, నవ్వు ఇరగలేదు."

"లూర్దమ్మ. ఈ జబ్బుకే మొగుణ్ణిచ్చినాది. ఇప్పుడు తానూ సూదులు గుచ్చించుకుంటంది. పూజకి ఒక్కనాడు మానలేదు."

ఒక్కొక్క పేరూ. మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు. మైకు అతనికి దూరంగా ఉంది. అయినా అంత షామియానాలో అతని మాట వినపడని చోటు లేదు. మేత్రాణులవారు లేచి నిలబడ్డారు. ఆయన వెనక అందరూ లేచారు. ఆర్టిస్టు తన మైకు తీసి తీసుకెళ్ళి ఇన్నాసి ముందు పట్టుకున్నాడు.

అందరి పేర్లూ అయ్యాయి. చివర నిలబడ్డవాడి పేరు మిగిలింది. తన పేరు తాను పిలుచుకోడు కదా. ఆర్టిస్టుకి ఆ పేరు తెలీదు. ఇన్నాసి ఊపిరి తీసుకుని, స్టేజి మీద పదహారేళ్ళుగా ఎలా చూసేవాడో అలాగే నా వైపు చూశాడు. అందులో కోపం లేదు. అవునా కాదా అని అడుగుతున్నట్టుంది.

అక్కడున్నవాళ్ళలో మైకు చేతికందే దూరంలో ఉండి ఆ పేరు తెలిసినవాణ్ణి నేను. పక్కనే నా మైకు ఉంది. రెండు మాటలు చాలు.

నా కాలు పెడలు తొక్కింది. నా వేలు నాలుగున్నర నొక్కింది.

ఎందుకు అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. అతను చూస్తే నేను చేసే పని అదొక్కటే గనక, వేలు దానంతటదే వెళ్ళింది. పేరు కోసం చూసిన మనిషికి, ఇక ఎప్పటికీ అందుకోలేని శ్రుతి ఇచ్చాను. అది షామియానా అంతా మోగింది. ఇన్నాసి ఒక క్షణం విన్నాడు. చిన్నగా తలూపి, ఎవరూ పిలవకుండానే స్టేజి మెట్లు దిగిపోయాడు. వరసంతా అతని వెనక దిగింది.

నాటకం ముగిసింది. చప్పట్లు కొట్టారు. నన్ను స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. నేను తీసుకున్నాను. సామాను సర్దుతుంటే ఆర్టిస్టు వచ్చి, "ఈ పేర్ల సంగతి నాకెందుకు చెప్పలేదండీ మేష్టారూ? తొమ్మిది రోజులు ముందొచ్చి ఉండేవాణ్ణి" అన్నాడు. నేను వంగి పెట్టె మూత వేశాను.

మంచం పక్కన

రెండు నెలలు ఆగి వెళ్ళాను. ముందే వెళ్ళాల్సింది. ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. చేతి నుంచి రక్తం గొట్టాల్లోకి పోయి తిరిగి వస్తోంది. పక్కన స్టూలు మీద నీలమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రండి మేష్టారూ. శాలువా ఎచ్చగా ఉంటందా?" అంది.

"ఊరుకో వదినా. కుర్సీ ఇయ్యి" అన్నాడు ఇన్నాసి.

కూర్చుని చెప్పేశాను. ఆసుపత్రివాళ్ళ మాట అబద్ధమని, నా మేళం పేరు కోసమే అతన్ని తీసేశానని, పేర్లు తీసేసింది కూడా నేనేనని. క్షమించమన్నాను.

"అవన్నీ నాకు ఆ దినమే తెలుసండి" అన్నాడు. "చమించీసినాను కూడా. అది నా పని, అయిపోనాది. మీ పని ఉంది ఇంకా."

"చెప్పు."

"పేర్లు మళ్ళీ ఎట్టండి. ఈసారి ఎవుడు కట్టినా ఆడి గొంతు ఎక్కడుందో సూసి అక్కడ ఎట్టండి శ్రుతి."

"నువ్వే కట్టు. రెండులో వాయిస్తాను. ఒకటిలో అయినా వాయిస్తాను."

నీలమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. ఇన్నాసి మిషను వైపు చూస్తూ అన్నాడు: "సూద్దాం మేష్టారూ. అప్పటికి నాను ఉంటే నా శ్రుతి. లేకపోతే ఆళ్ళ శ్రుతి."

మరుసటి ఏడు వానలు పట్టకముందే పోయాడు. సమాధుల తోటకి నేనూ వెళ్ళాను. వెనక నిలబడ్డాను.

ఆఖరి ఆగస్టు

తరవాతి పండుగే నేను అక్కడ వాయించిన ఆఖరిది. దానికి లారెన్స్ వేషం ఒక ఆటో డ్రైవరు కట్టాడు. నలభై దాటిన మనిషి, పేరు జోజి, మొదటిసారి స్టేజి ఎక్కుతున్నాడు. రిహార్సలుకి వచ్చిన రోజు నేను పెట్టె మూతే తియ్యలేదు. కూర్చోబెట్టి కబుర్లు చెప్పించాను. ఆటో సంగతులు, స్టాండులో తగాదాలు. అతని మాట ఎక్కడ నిలుస్తోందో విని, ఇంటికెళ్ళి ఆ మెట్టు వెతుక్కున్నాను. ఒకటిన్నర. మా గురువుగారు బతికుంటే నా ముఖం చూసేవారు కాదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. ముందు మనిషిని మాట్లాడించండి. పాడించడం తరవాత. గొంతు దిగినవాణ్ణి తీసెయ్యడానికి వెయ్యి మంచి కారణాలు దొరుకుతాయి. అన్నిటికంటే మంచిగా కనిపించేది వాడి ఆరోగ్యం. ఆ కారణం మీ నోటికి వచ్చినప్పుడు, వాణ్ణి అడిగారా లేదా అని ఒకసారి చూసుకోండి.

జోజి తొమ్మిది రోజులూ ఇల్లిల్లూ తిరిగాడు. నాటకంలో ఒకటిన్నరలో పద్యాలు పాడాడు. చప్పట్లు పెద్దగా లేవు. నిధి రంగంలో నేను వేళ్ళు ఎత్తేశాను. జోజి పేర్లు పిలిచాడు. ఒక్కొక్కరే అడుగు ముందుకేశారు, చేతులు చూపించారు. చివరి పేరు అయింది. వరస చివర, నిరుడు తెల్ల చొక్కా నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది.

నాటకం నడుస్తుండగా హార్మోనిస్టు కుర్చీలోంచి లేవడు. లేస్తే పెట్టె ఆగిపోతుంది, నాటకం ఆగిపోతుంది. నలభై ఏళ్ళలో నేను ఎప్పుడూ లేవలేదు. ఆ రోజు కాళ్ళు పెడళ్ళ మీంచి తీసి, లేచి, మైకు పట్టుకున్నాను.

"ఇన్నాసి" అన్నాను. "బాయిలర్ దగ్గర పనివాడు. పదహారేళ్ళు ఇక్కడ లారెన్స్. పదిహేడో ఏడు ఇతని వేషం తీసేసింది నేను. ఇతని పేరు పిలవనిది నేను."

పిలిచిన పేరుకి ఒక అడుగు ముందుకి పడాలి. పడలేదు. ఈ ఏడు వరస మొదట్లో కాకుండా ఆ ఖాళీ చోటు పక్కన నిలబడ్డ నీలమ్మ, ఎవరో ముందుకి వెళ్ళడానికి దారిచ్చినట్టు కొంచెం ఒత్తిగిలింది.

నేను కూర్చున్నాను. తరవాత ఏ మెట్టు నొక్కాలో నాకు తెలియలేదు. జోజి వైపు చూశాను. నా ఇబ్బంది చూసి అతనే ముందు గొంతు విప్పాడు, శ్రుతి లేకుండా. నేను కాళ్ళు పెడళ్ళ మీద పెట్టి, అతని గొంతు ఎక్కడుందో విని, అతని వెనకే వెళ్ళాను.